జైలు ఉత్తరాల పెట్టె: ఇంట్లోవాళ్ల పేరుమోసిన కేసు కాయితాలను, గుర్తులను ఎలా భద్రం చేయాలి

"పెద్దాయన పోయిన తర్వాత సందుగ తెరిస్తే జైలు ముద్రలున్న ఉత్తరాలు కట్టగట్టి కనిపించాయి. ఏం చేయమంటారు?" నల్లగొండ, పాలమూరు వైపు నుంచి ఈ ప్రశ్న ఆగకుండా వస్తూనే ఉంది. మాటలు మారినా సంగతి ఒకటే. ఇంట్లో ఒకరు ఒకప్పుడు హత్య కేసులోనో దోపిడీ కేసులోనో జైలుకు పోయారు. ఊరికి ఆ కేసు ఒక కథ. ఇంటికి మిగిలింది ఒక పెట్టె. అందులో ఉత్తరాలు, పేపరు కత్తిరింపులు, ఫోటోలు, కోర్టు కాయితాలు, ఒక గడియారమో తువ్వాలో ఉంటాయి.

అడిగేవాళ్లు సాధారణంగా రెండు తొందరల్లో ఉంటారు. కొందరికి పొద్దుగూకేలోపు అన్నీ కాల్చేయాలని ఉంటుంది. ఇంకొందరికి ఫోటోలు తీసి చుట్టాల గ్రూపులో పెట్టాలని ఉంటుంది. రెండూ ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోలేని పనులు. అందుకే ముందు పెట్టెలో ఏముందో లెక్క రాయండి. తర్వాత పాడుకాకుండా చూడండి. ఎవరికి చూపాలి, ఏది ఉంచాలి అన్నది అన్నిటికన్నా చివర తేల్చండి. ఈ పని మొత్తంలో రెండో ఇంటిని మరవకండి. ఆ నేరంలో చనిపోయినవాళ్ల, దెబ్బతిన్నవాళ్ల పిల్లలు చాలాసార్లు అదే ఊర్లో, రెండు వాడల అవతలే ఉంటారు.

కావలసినవి

- గీతల నోటుబుక్కు ఒకటి, 2బి లేదా హెచ్‌బి పెన్సిళ్లు రెండు. పెన్ను వద్దు.
- వాడని మెత్తటి పెయింటింగ్ బ్రష్, అంగుళం వెడల్పుది.
- కోరా బట్ట మూడు నాలుగు మీటర్లు. సబ్బు, గంజి, నీలం మందు లేకుండా వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి బాగా ఆరబెట్టినది.
- తెల్ల కాయితాలు, మందపాటి కాయితపు కవర్లు. ఆన్‌లైన్‌లో ఆమ్లం లేని కాయితం దొరికితే మంచిదే. దొరకకపోతే పని ఆపకండి.
- మూత గట్టిగా పడే ఇనుప పెట్టె, తుప్పు లేనిది. తేమ పీల్చే సిలికా జెల్ సంచులు 50 గ్రాములవి రెండు మూడు.
- ముక్కుకు మాస్కు, శుభ్రమైన పొడి చేతులు. కాయితానికి గ్లౌజులు అక్కర్లేదు. గ్లౌజులతో అంచు తెలియక ఎక్కువ చిరుగుతుంది. ఫోటోలకు, నెగటివ్‌లకు మాత్రం వేసుకోండి.
- మామూలు స్మార్ట్ ఫోను, పెన్‌డ్రైవులు రెండు.

ఇంట్లో ఒక్కరే కూర్చోకండి. రాసేవాళ్లు ఒకరు, తీసేవాళ్లు ఒకరు ఉంటే వరుస తప్పదు. మనసుకు కూడా ఆసరా. రోజుకు రెండు గంటలకు మించి చదవొద్దు. ఈ ఉత్తరాల్లో నాయన గొంతు, చిన్నాయన గొంతు ఉన్నట్టుండి వినిపిస్తుంది. తట్టుకోలేకపోతే 14416 టెలీ మానస్ నంబరుకు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

1. ముందు ముట్టుకోకూడని వాటిని పక్కకు పెట్టండి

కేసు ఇంకా నడుస్తోందా? అప్పీలు ఉందా? ఎవరైనా పరారీలో ఉన్నారా? వీటిలో ఏ ఒక్కదానికి "అవును" అన్నా పెట్టె మూసేసి వకీలు దగ్గరికి వెళ్లండి. సాక్ష్యం కాగల కాయితాన్ని కావాలని నాశనం చేయడం విడిగా ఒక నేరం. ఆ కాయితం మీ సొంత ఇంట్లోదైనా అంతే.

పెట్టెలో నాటు తుపాకీ, తూటాలు, జిలెటిన్ కడ్డీ, డిటోనేటర్ లాంటివి కనిపిస్తే చేయి వేయకండి. పిల్లల్ని బయటికి పంపి పోలీస్ స్టేషన్‌కు చెప్పండి. చట్టం ప్రకారం అలాంటివి వారసత్వంగా ఉంచుకునే వస్తువులు కావు. పాత జిలెటిన్ చెమటపట్టినట్టు తడిగా కనిపిస్తే మరీ ప్రమాదం. పెట్టెను కదపను కూడా కదపకండి.

లక్క ముద్ర వేసి, "ఎం.ఓ." అని నంబరు చీటీ కట్టిన పొట్లం ఉంటే ముద్ర విప్పకండి. అది కోర్టులో చూపిన వస్తువు. కేసు ముగిశాక తిరిగి ఇచ్చిందైతే దానికి కోర్టు ఉత్తర్వు ఉండాలి. ఆ ఉత్తర్వు దొరికేదాకా పొట్లం అలాగే ఉంచండి.

2. ఉన్నది ఉన్నట్టు ఫోటో తీయండి

పెట్టె తెరిచిన వెంటనే, ఏదీ కదపకముందే, పై నుంచి నాలుగైదు ఫోటోలు తీయండి. ఒక్కో పొర తీసినప్పుడల్లా ఇంకొకటి. ఉత్తరాలకు దారం కట్టి ఉంటే ఆ కట్టలోని వరుస కూడా ఒక సమాచారమే. అవ్వ ఏ ఉత్తరాన్ని పైన పెట్టుకుంది, దేన్ని బట్టలో చుట్టి అడుగున దాచింది అన్నది ఏ కాయితంలోనూ రాసి ఉండదు.

ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే. కూర్చోగానే తేదీల ప్రకారం సర్దేస్తారు. సర్దకండి. దొరికిన వరుసలోనే నంబర్లు వేయండి. తేదీల వరుస నోటుబుక్కులో వస్తుంది.

3. లెక్క రాయండి

ప్రతి వస్తువుకు ఒక నంబరు. కాయితమైతే వెనక కింది మూలన పెన్సిలుతో, ఒత్తకుండా, చిన్నగా. వస్తువైతే నూలు దారంతో చీటీ కట్టండి. అంటించకండి. నోటుబుక్కులో నంబరుకు ఎదురుగా ఇవి రాయండి: ఏమిటది, ఎవరు ఎవరికి, తేదీ, ఎన్ని పేజీలు, ఎలా ఉంది, ఎక్కడ దొరికింది.

ఉదాహరణకు: "37. ఇన్‌లాండ్ ఉత్తరం. కొడుకు నుంచి తల్లికి. 14-3-1987. మడత దగ్గర చిరుగు. జైలు ముద్ర ఎడమ మూలన. కట్ట-2లో మూడోది."

ఇంత చాలు. ఈ దశలో ఉత్తరం పూర్తిగా చదవొద్దు. చదవడం మొదలైతే లెక్క ఆగిపోతుంది. లెక్క ఆగిన పెట్టెలోంచి కాయితాలు మాయమవుతాయి, ఎక్కువగా ఇంట్లోవాళ్ల చేతుల్లోనే. ఒకరు సిగ్గుతో తీస్తారు, ఇంకొకరు ప్రేమతో తీస్తారు.

చిన్నవని పారేయకూడనివి కొన్ని ఉన్నాయి. ములాఖత్ చీటీలు, పెరోల్ కాయితం, విడుదల చీటీ, బస్సు టికెట్లు. ముఖ్యంగా మనియార్డర్ ముక్క. జైల్లో చేసిన పనికి వచ్చిన కూలీని కొందరు ఖైదీలు ఇంటికి పంపేవాళ్లు. మనియార్డర్ ఫారం అడుగున అరచేయి వెడల్పు జాగాలో రెండు ముక్కలు రాసుకోవచ్చు. పోస్టుమ్యాన్ పైసలిచ్చి ఆ ముక్క చింపి ఇచ్చేవాడు. "పిల్లకు గౌను కొనుమని" లాంటి ఒక్క వాక్యం ఉంటుంది. దాని మీద మొత్తం, పోస్టాఫీసు ముద్ర, తేదీ మూడూ ఉంటాయి. పెద్ద ఉత్తరంలో తేదీ లేనప్పుడు ఇదే దారి చూపిస్తుంది.

4. శుభ్రం చేయండి, బాగు చేయబోకండి

ఎండ తగలని, ఫ్యాను గాలి నేరుగా కొట్టని అర్రలో కోరా బట్ట పరిచి పని చేయండి. బ్రష్‌తో మధ్య నుంచి అంచుల వైపు, ఒకే దిశలో దుమ్ము తీయండి. గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు తుప్పు పట్టి ఉంటాయి. లాగకండి. కాయితం కింద సన్నటి ప్లాస్టిక్ ముక్క పెట్టి, పిన్ను కాళ్లు పైకి లేపి, ఒక్కొక్కటే తీయండి. రబ్బరు బ్యాండు కరిగి అతుక్కుంటే గీకకండి. విడిగా ఉన్న ముక్కలు మాత్రమే తీసేయండి.

మడత విప్పినప్పుడు మూల పెళుసుగా విరిగితే అక్కడితో ఆపండి. ఆ ఉత్తరాన్ని మడతలోనే ఉంచి, కనిపించినంత ఫోటో తీసి, "విప్పలేదు" అని రాయండి. విప్పగలిగినవాటిని రెండు తెల్ల కాయితాల మధ్య పెట్టి, పైన రెండు బరువైన పుస్తకాలు వారం రోజులు ఉంచితే మడత చదునవుతుంది. ఇస్త్రీపెట్టె వాడకండి. ఇన్‌లాండ్ రెక్క అతుక్కుపోయి ఉంటే కొందరు కేతిలి ఆవిరి పడతారు. ఆవిరికి సిరా అల్లుకుపోతుంది. పాత ఉత్తరాల్లో కొన్నిటిని ఒకరకం పెన్సిలుతో రాశారు. పొడిగా ఉన్నంతసేపు బూడిద రంగులో మామూలుగానే ఉంటుంది, తడి తగిలితే ఊదా రంగుకు తిరిగి పాకుతుంది. అందుకే ఏ కాయితానికీ తడిగుడ్డ ముట్టించకండి.

బూజు పట్టినవి విడిగా తీసి, మాస్కు కట్టుకొని, వరండా నీడలో ఆరనిచ్చి, పూర్తిగా ఎండాకే బ్రష్ చేయండి. చెదలు, పురుగులు ఉన్న కట్టను ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి ఫ్రిజ్ పైఅరలో, అంటే ఐసు కట్టే ఫ్రీజర్‌లో, రెండు వారాలు పెట్టండి. బయటికి తీశాక ఒక పూట అయ్యేదాకా సంచి విప్పొద్దు. లేదంటే నీటి చుక్కలు పడతాయి. ఫోటోలను మాత్రం ఇలా పెట్టకండి.

చేయకూడనివి మరికొన్ని. లామినేషన్ వద్దు. వేడికి, జిగురుకు ఆ కాయితం ఇక ఎప్పటికీ వెనక్కి రాదు. సెల్లో టేపు పదేళ్లలో పసుపు మరక చేసి ఊడిపోతుంది. డాంబర్ గోలీలు ఫోటోలకు, ప్లాస్టిక్‌కు చేటు, చదివేవాళ్ల ఊపిరికి కూడా. ఎండిన యాపాకు కాయితాల మధ్య పెడితే గోధుమరంగు అచ్చు పడుతుంది. పెట్టాలనుకుంటే బట్టలో మూటగట్టి పెట్టె మూలన పెట్టండి. అద్దానికి అతుక్కున్న ఫోటోను పీకకండి. అద్దంతో సహా ఫోటో తీసి అలాగే ఉంచండి.

పేపరు కత్తిరింపులను ఉత్తరాలతో కలిపి పెట్టకండి. న్యూస్‌ప్రింట్‌లోని ఆమ్లం పక్క కాయితాన్ని మండిస్తుంది. ఎన్నో పెట్టెల్లో ఉత్తరం మధ్యన కనిపించే గోధుమరంగు చతురస్రం అదే. కత్తిరింపులను మంచి కాయితం మీద జిరాక్స్ తీసి, అసలు విడి కవరులో పెట్టండి. ఫ్యాక్సు కాయితం లాంటి నున్నటి రసీదులు కొన్నేళ్లలో తెల్లబోతాయి. వాటిని మొదటి రోజే ఫోటో తీయండి.

5. ఫోటోలు తీయండి

స్కానర్ ఉంటే ఉత్తరాలకు 300, ఫోటోలకు 600 డీపీఐ. ఫోనే ఉంటే పొద్దున తొమ్మిది, పదకొండు మధ్య కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, ఫ్లాష్ ఆపి తీయండి. ఫోనును రెండు పుస్తకాల దొంతరల మీద ఆనిస్తే చేయి వణకదు. స్కానింగ్ యాప్‌లో నలుపు తెలుపు మోడ్ వాడకండి. అది జైలు ముద్రను, పెన్సిలు గీతను, కన్నీటి మరకను మురికి అనుకొని తుడిచేస్తుంది. రంగులో, నాలుగు అంచులు కనిపించేలా తీయండి.

పోస్టుకార్డుకు రెండు ఫోటోలు. ఇన్‌లాండ్‌కు పూర్తిగా విప్పి లోపల ఒకటి, బయట ఒకటి. కవరుకు ముందూ వెనకా. ఖాళీగా ఉన్న వెనకవైపును వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. జైలు అధికారి సంతకం, "పరిశీలించడమైనది" ముద్ర, ఎవరో వేసిన లెక్క సాధారణంగా అక్కడే ఉంటాయి.

ఫైలు పేరు అంకెలతో పెట్టండి: సంవత్సరం-నెల-తేదీ, తర్వాత లెక్క నంబరు, తర్వాత పేజీ. తేదీ తెలియకపోతే సున్నాలు పెట్టండి, ఊహించి రాయకండి. మూడు చోట్ల దాచండి: ఫోను లేదా కంప్యూటరు, ఇంట్లో పెన్‌డ్రైవు, ఇంకో ఊరిలో నమ్మకమైన చుట్టం దగ్గర ఇంకో పెన్‌డ్రైవు. ఫోనులో గ్యాలరీ తనంతట తాను అందరికీ పంచే సెట్టింగు ఉందేమో ముందే చూసుకోండి.

6. తేదీ, రాసినవారు: తొందరపడి తేల్చకండి

తేదీ లేని ఉత్తరానికి లోపలే ఆధారాలు ఉంటాయి. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడు ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిది. "నయా పైసలు" అని ఉంటే 1957, 1964 మధ్యది. నిజాం స్టాంపు ఉంటే 1950దో అంతకుముందుదో. "సాగర్ ఎడమ కాలువ నీళ్లు మన పొలానికి వచ్చినయి" అంటే 1967 తర్వాత. "పెద్దగట్టు జాతర అయినంక" అని ఉంటే ఇంకా మేలు, ఆ దురాజ్‌పల్లి జాతర రెండేళ్లకోసారే కాబట్టి సగం సంవత్సరాలు అక్కడే కొట్టుకుపోతాయి. చెర్వుగట్టు జాతర మాఘంలో, కురుమూర్తి జాతర కార్తీకంలో, సలేశ్వరం చైత్ర పున్నమికి. నెల తేలుతుంది. ముషీరాబాద్ జైలు ముద్ర ఉంటే ఆ జైలు ఇప్పుడు లేదు, ఆ జాగాలో గాంధీ ఆసుపత్రి ఉంది. కాబట్టి ఉత్తరం అంతకుముందుదే.

నిజాం కాలపు కాయితాల్లో ఫస్లీ సంవత్సరం ఉంటుంది. హైదరాబాదు ఫస్లీ ఆజూర్ నెలతో, అక్టోబరు తొలివారంలో మొదలవుతుంది. ఇంగ్లీషు సంవత్సరం తేలాలంటే ఫస్లీ అంకెకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. 1357 ఫస్లీ ఆబాన్ (ఏడాది చివరి నెల) అంటే 1948 సెప్టెంబరు దగ్గర. అన్నిటికీ 590 కలిపితే ఏడాది తేడా వస్తుంది.

ఇంకో పొరపాటు మనుషుల పేరు చెడగొట్టేంతది. ఉర్దూ కాయితంలో "ముద్దయీ" అని కనబడితే తెలుగు ముద్దాయి అనుకుంటారు. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, ఫిర్యాదు చేసినవాడు. నిందితుడికి వాడే మాట ముల్జిమ్. చదవనేర్చిన ఉర్దూ పంతులుతో గానీ పాత దస్తావేజు లేఖరితో గానీ అక్షరం అక్షరం చదివించుకోండి. ఫైసలా అంటే తీర్పు, బయాన్ అంటే వాంగ్మూలం, జమానత్ అంటే జామీను. చదివించేటప్పుడు అసలు ఇవ్వకండి, జిరాక్స్ ఇవ్వండి.

చేతిరాత చూసి రాసింది ఎవరో చెప్పకండి. చదువు రాని ఖైదీకి పక్క ఖైదీ రాసిపెట్టేవాడు. బొంబాయి, పుణె పనులకు పోయిన పాలమూరు కూలీలకు మేస్త్రో తోటి మనిషో రాసిపెట్టేవాడు. అందుకే ఒకే మనిషి పేరుతో నాలుగు రకాల రాతలుంటాయి. "ఉభయకుశలోపరి", "ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను" అన్న మాటలు రాసినవాడి అలవాటు. జైల్లో బాగున్నాడనడానికి అవి రుజువు కావు. జైలు ఉత్తరాలు అధికారి చదివాకే బయటికి వచ్చేవి, అందుకే కేసు ముచ్చట వాటిలో తక్కువ. రాయనిదాన్ని బట్టి అతనికి పశ్చాత్తాపం లేదని తీర్మానించకండి.

తిరగరాసేటప్పుడు ఉన్న మాట ఉన్నట్టే రాయండి. "యాడికి", "గట్లనే", "పైలం" అని ఉంటే దిద్దకండి. అర్థం కాని చోట చుక్కలు పెట్టండి. మీ ఊహను చదరపు కుండలీకరణాల్లో పెట్టి పక్కన ప్రశ్నార్థకం వేయండి.

7. ఊరి కథను కోర్టు కాయితంతో సరిచూడండి

ఊరు చెప్పే కథలో నేరం పెరుగుతుంది, లేదంటే తరుగుతుంది. మీ లెక్క పుస్తకంలో "హంతకుడు" అని రాయాలంటే తీర్పు కావాలి. కాయితాల మీద మూడు రకాల నంబర్లు వెతకండి. స్టేషన్‌లో వేసిన క్రైమ్ నంబరు, మేజిస్ట్రేట్ దగ్గరి పి.ఆర్.సి. నంబరు, సెషన్స్ కోర్టు ఎస్.సి. నంబరు. చివర సంవత్సరం ఉంటుంది. అప్పీలు అయితే క్రిమినల్ అప్పీల్ నంబరు వేరే. కింది కోర్టు శిక్ష వేసి హైకోర్టు కొట్టేసిన కేసులు చాలానే ఉంటాయి. శిక్ష సంగతి పేపర్లో పెద్ద అక్షరాలతో వస్తుంది, కొట్టివేత రాకపోవచ్చు. కత్తిరింపు ఒక్కటే ఆధారంగా రాస్తే నిర్దోషి అయిన మనిషి మీ పుస్తకంలో ఎప్పటికీ దోషే.

సెక్షన్లను చూసి కూడా కాలం పట్టొచ్చు. ఐపీసీ 302 హత్య, 395 దోపిడీ ముఠా నేరం. భర్త, అత్తింటివాళ్ల వేధింపుల 498-ఏ 1983లో, వరకట్న మరణపు 304-బి 1986లో వచ్చాయి. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు ఉంటాయి, అందులో హత్యకు శిక్ష 103.

తీర్పు నకలు కావాలంటే ఆ కేసు విన్న కోర్టులోని కాపీ సెక్షన్‌లో దరఖాస్తు ఇవ్వాలి. కక్షిదారు కానివాళ్లు ఎందుకు కావాలో చెబుతూ పిటిషన్ వేయాల్సి ఉంటుంది. వకీలు గుమాస్తాకు ఇది రోజువారీ పనే. జిల్లాల సంగతి మరవకండి. 2016 అక్టోబరు 11కు ముందు సూర్యాపేట, భువనగిరి నల్లగొండ జిల్లాలోవే. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల పాలమూరులోవే, నారాయణపేట విడిపోయింది 2019లో. పాత కేసు ఫైలు ఇప్పటి జిల్లా కేంద్రంలోనే ఉంటుందనుకోకండి. నిజాం కాలపు రికార్డుకు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖనాగారం (స్టేట్ ఆర్కైవ్స్) ఉంది.

నల్లగొండ వాళ్లకు ఒక మాట. 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాట కాలంలో దోపిడీ, హత్య సెక్షన్ల కింద కేసులు పడ్డవాళ్ల ఇండ్లు ఇక్కడ ఊరూరా ఉన్నాయి. పోలీసు కాయితంలో బందిపోటు, ఊరి నోట దళం మనిషి. రెండు మాటలూ రాయండి, ఏది ఎవరన్నారో పక్కన రాయండి. స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు జైలు కాలాన్ని రుజువు చేసే కాయితం అడిగినప్పుడు, అలాంటివి కాల్చేసుకున్న ఇండ్లు ఖాళీ చేతులతో మిగిలాయి.

8. రెండో ఇంటివాళ్లవి వేరు చేయండి

ఈ మెట్టు దగ్గర ఆగండి, తొందర వద్దు. పెట్టెలో మీవి కానివి ఉండొచ్చు. చనిపోయినావిడ గాజులు, వాళ్ల పెండ్లి ఫోటో, వాళ్ల పిల్ల రాసిన ఉత్తరం. అవి మీ ఇంటి గుర్తులు కావు. లెక్కలో రాసి, శుభ్రమైన బట్టలో చుట్టి, విడిగా పెట్టండి. తిరిగి ఇవ్వాలనుకుంటే మీరు నేరుగా వాళ్ల గడప తొక్కకండి. రెండు ఇండ్లూ గౌరవించే పెద్దమనిషినో వకీలునో పంపి, "మీ వస్తువు ఒకటి ఉంది, కావాలా?" అని మాత్రమే అడిగించండి. వద్దంటే వద్దు. మళ్లీ అడగకండి. జాతర రోజు, పెండ్లి ముందు, ఎన్నికల వేళ అడిగించకండి.

కొన్ని పెట్టెల్లో పంపని ఉత్తరం దొరుకుతుంది. జైల్లోంచి ఆ ఇంటికి రాసింది, చిరునామా కూడా ఉంటుంది, స్టాంపు ఉండదు. లేదంటే స్టాంపు ఉంటుంది, పోస్టు ముద్ర ఉండదు. "నన్ను క్షమించుమని అడుగ మొకం లేదు" లాంటి మాటలు ఉంటాయి. చదివినవాళ్లకు గుండె కరిగి, దాన్ని వెంటనే అందజేయాలనిపిస్తుంది. అందజేయకండి. రాసినవాడు పంపకుండా ఆగాడు, ఆ ఇంటివాళ్లు అడగలేదు. కవరు అతికించి ఉంటే విప్పకండి. మధ్యవర్తి ద్వారా అలాంటిది ఒకటి ఉందన్న సంగతి మాత్రం తెలియజేయొచ్చు. చదవాలో వద్దో, ఎప్పుడో, వాళ్లిష్టం. ఇరవై ఏళ్ల తర్వాత వాళ్ల మనుమడు అడిగినా ఇవ్వగలిగేలా ఉంచడం మీ పని.

అత్యాచారం కేసైతే బాధితురాలి పేరు, ఊరు, గుర్తుపట్టే ఏ వివరమూ బయట పెట్టకూడదు, అది చట్టప్రకారం శిక్షపడే నేరం. చిన్నపిల్లల కేసులకూ అంతే. మీ నకళ్లలో కూడా ఆ పేరు మీద కాయితం ముక్క పెట్టి ఫోటో తీయండి. అసలు ఫోటోను విడిగా పాస్‌వర్డ్‌తో దాచండి.

9. ఎవరు చూడొచ్చో రాసి పెట్టుకోండి

ఇప్పుడు వారసులందరూ కూర్చోండి. అన్నదమ్ములతోపాటు అక్కచెల్లెళ్లను, మేనత్తలను కూడా పిలవండి. ములాఖత్‌కు అన్నం డబ్బా పట్టుకొని తిరిగింది చాలాసార్లు వాళ్లే. ఒక తెల్ల కాయితం మీద నాలుగు సంగతులు రాసి సంతకాలు చేయండి: పెట్టె ఎవరి దగ్గర, ఎవరు చదవొచ్చు, పిల్లలకు ఏ వయసులో ఎవరు చెప్పాలి, బయటివాళ్లు అడిగితే జవాబు ఎవరిది. వీలునామా రాస్తే అందులో పెట్టె ప్రస్తావన ఒక వాక్యం పెట్టండి.

కొన్ని కాయితాలు తీసేయాలని అందరూ ఒప్పుకుంటే, కేసు పూర్తిగా ముగిసిందని వకీలుతో చెప్పించుకున్నాకే. అప్పుడూ లెక్క పుస్తకంలోని వరుస కొట్టేయకండి, "తీసేశాం, ఫలానా తేదీ" అని రాయండి. దీనికన్నా మంచి దారి ఒకటుంది. కవరులో పెట్టి అతికించి, పైన "2050 దాకా తెరవొద్దు" అని రాసి అందరూ సంతకం పెట్టండి. కోపం ఇప్పటిది, కాయితం తర్వాతివాళ్లది కూడా.

యూట్యూబ్ చానళ్లవాళ్లు, వెబ్ సిరీస్ రాసేవాళ్లు, పాత వస్తువులు కొనేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. అసలు కాయితాలు ఎవరికీ ఇవ్వకండి, "రెండు రోజుల్లో తెచ్చిస్తాం" అన్నా ఇవ్వకండి. ఉత్తరం కాయితం అందుకున్నవాళ్లదే కావచ్చు, అందులోని మాటల మీద హక్కు రాసినవాళ్లది, వాళ్ల తర్వాత వారసులది. ఒక్క వారసుడు ఒప్పుకున్నంత మాత్రాన అచ్చు వేయడానికి వీల్లేదు. నేరం వల్ల వచ్చిన పేరును అమ్మి పైసలు తీసుకోకండి. ఆ పైసల లెక్క రెండో ఇంటికి తెలిసిన రోజున ఊర్లో మళ్లీ ఒక గాయం రేగుతుంది.

10. పెట్టె సర్దండి

ఉత్తరాలు కవర్లలో నిలువుగా, బిగించకుండా. ఫోటోలు విడిగా, ఒకదాని ముఖం ఇంకొకదానికి తగలకుండా. మెత్తగా ఉండి వాసన కొట్టే ప్లాస్టిక్ కవర్లు వద్దు. బట్టలు, జైల్లో నేసిన జంఖానా ముక్కలు మడత పెట్టకుండా చుట్టండి. గడియారంలో సెల్లు ఉంటే తీసేయండి, కారి లోపలంతా తింటుంది. ఇనుప పెట్టె లోపల కోరా బట్ట పరచి, సిలికా సంచులు మూలల్లో పెట్టండి.

పెట్టె నేల మీద పెట్టకండి. ఇటుకల మీద ఆరంగుళాల ఎత్తున, గోడకు జానెడు ఎడంగా. అటక మీద వద్దు, మే నెలలో రేకుల కింద, మిద్దె కింద కాయితం వేగిపోతుంది. దేవుని అర్ర దీపం దగ్గర, వంటింటి గోడకు ఆనించి కూడా వద్దు. నడిమి అర్రలో బీరువా అడుగు అర మంచిది.

అయిందా లేదా సరిచూసుకోవడం

లెక్కలో 40 ఇన్‌లాండ్‌లు, 25 పోస్టుకార్డులు ఉంటే కనీసం 130 ఫోటోలు ఉండాలి. తక్కువ వస్తే వెనకవైపులు మరిచారు. ఫోటోను పెద్దది చేసి ముద్రలోని అతిచిన్న అక్షరం చదవండి. చదవలేకపోతే మళ్లీ తీయండి. పెట్టె సంగతి తెలియని ఒకరికి పుస్తకం ఇచ్చి "37వ నంబరు తీయి" అనండి. రెండు నిమిషాల్లో దొరక్కపోతే సర్దుబాటు తప్పు.

ఏడాదికి రెండుసార్లు తెరవండి. ఉగాది తర్వాత ఒకసారి, వానలు తగ్గాక దసరాకు ఒకసారి. బూజు వాసన, మూలల్లో సన్నటి పొడి, ఇటుకల మీద మట్టి గీత ఉన్నాయేమో చూడండి. మట్టి గీత ఉంటే చెదలు వచ్చినట్టే, పెట్టె చోటు ఆ రోజే మార్చండి. సిలికా రంగు మారితే తయారీదారు చెప్పినట్టు వేడి చేసి ఆరబెట్టండి, లేకపోతే కొత్తవి పెట్టండి. పెన్‌డ్రైవును ఇంకో కంప్యూటరులో పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. చూసిన తేదీ, చూసినవాళ్ల పేరు లెక్క పుస్తకం చివరి పేజీలో పెన్సిలుతో రాసి మూత వేయండి.